న్యూజెర్సీలో చిన్ననాటి స్నేహితుడి ఇంటి నుంచి రెండు రోజుల్లో నయాగరా: ఎలా ప్లాన్ చేసుకోవాలి

నేనూ మావాడూ విజయవాడ కృష్ణలంకలో ఒకే వీధిలో పెరిగాం. వాడు అమెరికా వెళ్లి, ఎడిసన్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది. నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు సూట్‌కేసు గుమ్మం దాటకముందే అడిగాడు: "నయాగరా ఎప్పుడు పోదాంరా?" ఆ గొంతులో ఉత్సాహం కన్నా బాధ్యత ఎక్కువ వినిపించింది. వాళ్లావిడ తర్వాత నవ్వుతూ చెప్పింది, అప్పటికి ఆరుసార్లు వెళ్లొచ్చాడట. వాళ్ల అమ్మానాన్న వచ్చినప్పుడు, ఈమె అమ్మానాన్న వచ్చినప్పుడు, బావమరిది పెళ్లయ్యాక, పెద్దనాన్న గారితో... మీరు వెళ్తే మీ స్నేహితుడికీ అది ఎన్నోసారో అవుతుంది. మీకు మాత్రం మొదటిసారి.

అందుకే ఈ ప్లాన్ ఇద్దరి కోసం రాస్తున్నాను. జలపాతం ఎక్కడికీ పోదు. కారులో పక్కపక్కన కూర్చునే పదహారు గంటలు మాత్రం మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో చెప్పలేం. ఆ గంటల్లో వాడు నిద్ర ఆపుకుంటూ డ్రైవింగ్ చేస్తూ ఉంటే, మీరు రీల్స్ చూస్తూ ఉంటే టికెట్ డబ్బులు దండగ.

మొదటి మెట్టు: ఏ వారాంతం?

మీరు దిగిన మొదటి వారాంతం అస్సలు వద్దు. వేసవిలో మనకూ అమెరికా తూర్పు తీరానికీ తొమ్మిదిన్నర గంటల తేడా. మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడతాయి, రాత్రి రెండింటికి ఆకలేస్తుంది. డ్రైవింగ్ చేసేవాడి పక్కన కూర్చునేవాడికి మెలకువ ముఖ్యం. కనీసం వారం ఆగండి.

నెలల లెక్కకొస్తే మే చివరి నుంచి అక్టోబర్ మధ్య వరకు అనుకూలం. చలికాలంలోనూ పార్కు తెరిచే ఉంటుంది, గడ్డకట్టిన అంచులు అందంగానూ ఉంటాయి, కానీ పడవలు నడవవు. దారిలో నేను చెప్పబోయే లోయ కూడా మూసేస్తారు. మే చివర్లో మెమోరియల్ డే, జూలై 4, సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డే, ఈ మూడు లాంగ్ వీకెండ్లూ వదిలేయండి. "సెలవు కలిసొస్తుంది కదా" అని మీ స్నేహితుడే అంటాడు. ఆ రోజుల్లో హోటల్ రేట్లు మండిపోతాయి, పడవ దగ్గర క్యూ పుష్కరాల ఘాట్‌ని గుర్తుచేస్తుంది. నా ఓటు లేబర్ డే దాటాక వచ్చే రెండు మూడు వారాలకి. పిల్లలు బడికి వెళ్లిపోయి ఉంటారు, ఎండ ఉంటుంది, ఉక్క ఉండదు.

వారాంతం తేల్చాక మీ స్నేహితుడిని ఒక్క ప్రశ్న అడగండి: "నువ్వు ఇన్నిసార్లు వెళ్లావు కదా, దారిలో చూడకుండా వదిలేసింది ఏదైనా ఉందా?" మావాడు తడుముకోకుండా "వాట్కిన్స్ గ్లెన్" అన్నాడు. ఇందాక చెప్పిన లోయ అదే. ప్రతిసారీ ఆ బోర్డు చూసి "ఈసారి కాదులే, పెద్దవాళ్లు మెట్లెక్కలేరు" అనుకుంటూ దాటిపోయాడట. ఇద్దరం కొత్తగా చూసే చోటు ఒకటి దొరికింది. మొత్తం ప్లాన్ దాని చుట్టూ కట్టాం.

రెండో మెట్టు: కాగితాలు, కెనడా ఆశ

నయాగరా దగ్గర నది మధ్యలోంచి సరిహద్దు పోతుంది. ఇవతల న్యూయార్క్ రాష్ట్రం, అవతల కెనడాలోని ఒంటారియో. అమెరికా విజిటర్ వీసా ఉంది కదా అని రెయిన్‌బో బ్రిడ్జి మీదుగా అటు నడిచి వెళ్లొద్దామంటే కుదరదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి కెనడా వీసా విడిగా కావాలి. వేలిముద్రలు ఇవ్వాలి, వారాలు పడుతుంది. అమెరికా వచ్చాక తీరిగ్గా చూద్దామనుకుంటే అయ్యే పని కాదు. నిజంగా అటువైపు చూడాలనుంటే ఇండియాలో ఉన్నప్పుడే అప్లై చేయండి.

మీ స్నేహితుడు హెచ్-1బి మీద ఉంటే వాడి సంగతీ కనుక్కోండి. వాడి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉండొచ్చు. కెనడాకి కొద్ది రోజులు వెళ్లి వచ్చేవారికి కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి గానీ, అవి వాడికి వర్తిస్తాయో లేదో వాడి కంపెనీ లాయర్ చెప్పాలి. జలపాతం ఫొటో కోసం ఒకరి ఉద్యోగాన్ని టెన్షన్‌లో పెట్టొద్దు.

కెనడా వైపు నుంచి జలపాతాలన్నీ ఎదురుగా ఒకే చూపులో కనిపిస్తాయన్నది నిజమే. అమెరికా వైపు వాటిని పక్కనుంచి, పైనుంచి, కింది నుంచి చూస్తాం. కానీ నీళ్లకి చేతికందేంత దగ్గరగా వెళ్లేది ఇటువైపే. కెనడా వీసా లేదని దిగులు పడక్కర్లేదు.

సరిహద్దు దాటకపోయినా ఒరిజినల్ పాస్‌పోర్టు జేబులోనో బ్యాగులోనో ఉండాలి. మీరు అమెరికాలోకి వచ్చినట్టు చూపే ఐ-94 ప్రింటు తీసి అందులో పెట్టండి. ఇది సరిహద్దు ప్రాంతం, సరిహద్దు గస్తీ వాళ్లు (బోర్డర్ పెట్రోల్) అడిగే అవకాశం ఉంది. మీ స్నేహితుడు, వాళ్లావిడ కూడా తమ పాస్‌పోర్టులూ వీసా అప్రూవల్ కాగితాలూ తెచ్చుకోవాలి. ఇంట్లో లాకర్లో పెట్టి ఫోన్లో ఫొటో ఉంది కదా అనుకోవద్దు.

మూడో మెట్టు: గది, కారు, డబ్బు

గది న్యూయార్క్ వైపు నయాగరా ఫాల్స్ ఊళ్లోనే తీసుకోండి, పార్కుకి నడిచి వెళ్లేంత దూరంలో. బఫెలోలో చవగ్గా దొరుకుతుంది. కానీ రాత్రి దీపాలు చూశాక మళ్లీ అరగంట డ్రైవింగ్ చేసేది మీరు కాదు కదా. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గది బుక్ చేయండి, ఎందుకంటే వాతావరణం చివరి నిమిషంలో మారొచ్చు. రేటు పోల్చేటప్పుడు పైన కనిపించే అంకె చూసి మురిసిపోవద్దు. పన్నులు, పార్కింగ్, కొన్నిచోట్ల రిసార్ట్ ఫీజు అని ఇంకోటి కలిపాక లెక్క మారిపోతుంది. ఉదయం టిఫిన్ గది రేటులోనే కలిసి ఉంటే పిల్లలున్న ఇంటికి అది పెద్ద వరం.

ఈ బుకింగ్ మీరు చేయండి, మీ కార్డుతో. అమెరికాలో ఉన్న స్నేహితుడు మిమ్మల్ని పైసా తీయనివ్వడు. బిల్లు దగ్గర కుస్తీ పట్టడం మనకి మర్యాదే గానీ, వాడికి నెలకో అతిథి వస్తుంటే ఆ మర్యాద ఖరీదు వాడి క్రెడిట్ కార్డు భరిస్తుంది. వాడికి చెప్పకుండా ముందే బుక్ చేసి కన్ఫర్మేషన్ పంపించాను. రెండు బూతులు తిట్టాడు, ఒప్పుకున్నాడు.

గ్యాస్, అంటే మన పెట్రోల్, ఖర్చు కూడా మీరు పెట్టొచ్చు. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. న్యూజెర్సీలో మన ఊళ్లో లాగే మనిషే వచ్చి పోస్తాడు, సొంతంగా పోసుకోవడం ఆ రాష్ట్రంలో చట్టప్రకారం కుదరదు. కిటికీలోంచి కార్డు ఇస్తే సరిపోతుంది. పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల్లో మాత్రం మనమే దిగి పోసుకోవాలి. అక్కడ పంపు మీ ఇండియా కార్డుని జిప్ కోడ్ (అక్కడి పిన్ కోడ్) అడిగి తిప్పికొట్టొచ్చు. గొడవ పడకుండా లోపల కౌంటర్‌కి వెళ్లి పంపు నంబరు చెప్పి, "నలభై డాలర్లకి" అని ముందే కట్టేయండి.

డ్రైవింగ్ మీరు పంచుకుంటారా? ఇండియా లైసెన్సుతో, ఇంటర్నేషనల్ పర్మిట్‌తో నడపడం గురించి ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నియమం ఉంది. మన దారి మూడు రాష్ట్రాల్లోంచి పోతుంది. పైగా అది స్నేహితుడి కారు. నడపాలనుంటే వాడి ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే ఫోన్ చేయించండి. నేనైతే స్టీరింగ్ ముట్టుకోలేదు. దూరం ఎడిసన్ నుంచి దాదాపు 400 మైళ్లు, అంటే 640 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లినంత. ఆగకుండా వెళ్తే ఏడు గంటల్లోపే. వాళ్లావిడ కూడా నడుపుతుంది కాబట్టి వాళ్లిద్దరూ పంచుకున్నారు. పక్క సీట్లో కూర్చున్నవాడి ఉద్యోగం మాత్రం నాదే: మాట్లాడటం, నీళ్ల బాటిల్ మూత తీసివ్వడం, ఎగ్జిట్ రెండు మైళ్ల ముందే గుర్తుచేయడం.

నాలుగో మెట్టు: కారులో ఏం పెట్టుకోవాలి?

ముందురోజు ఓక్ ట్రీ రోడ్డులో మరమరాలు, చేగోడీలు, అరటిపళ్లు కొన్నాం. పులిహోర రాత్రే కలిపి పెట్టాం. నిమ్మకాయతో వద్దు, చింతపండుతోనే, మర్నాటికి ఇంకా బాగుంటుంది. పెరుగన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ పోస్తే మధ్యాహ్నానికి పులవదు. చల్లగా ఉంచే పెట్టె ఉంటే అందులో పెట్టండి. పేపర్ ప్లేట్లు, చెంచాలు, తడి తుడుపులు, చెత్తకి రెండు కవర్లు.

బట్టల విషయంలో ఒకే మాట: తడుస్తారు. పడవలోనూ, గాలుల గుహ (కేవ్ ఆఫ్ ది విండ్స్) దగ్గరా ప్లాస్టిక్ తొడుగు ఇస్తారు గానీ మోకాళ్ల కిందికి అది కాపాడదు. ఒక జత పొడి బట్టలు చేతి సంచిలో ఉండాలి, డిక్కీలో అడుగున కాదు. జీన్స్ తడిస్తే సాయంత్రం దాకా ఆరదు. సెప్టెంబర్ రాత్రికి స్వెటర్ తప్పనిసరి. ఫోన్‌కి నీళ్లు పోని సంచి ఒకటి. పట్టు ఉన్న బూట్లు, ఎందుకంటే వాట్కిన్స్ గ్లెన్ మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి.

ఐదో మెట్టు: శనివారం ఉదయం, వాట్కిన్స్ గ్లెన్

తెల్లవారి ఐదింటికి బయల్దేరండి. ఐదంటే ఐదే. "ఆరింటికి లేద్దాంలే" అనుకుంటే ఎనిమిదింటికి గుమ్మం దాటతారు, అది మన రక్తంలో ఉంది. ఐ-287 ఎక్కి, ఐ-80 మీద పడమటికి తిరిగి, డెలావేర్ నది దాటితే పెన్సిల్వేనియా. అక్కణ్నుంచి ఐ-380, తర్వాత స్క్రాంటన్ దగ్గర ఐ-81 పట్టుకుని ఉత్తరంగా బింగ్‌హమ్‌టన్. అక్కడ దారి రెండుగా చీలుతుంది. నేరుగా నయాగరా వెళ్లేవాళ్లలో చాలామంది సిరక్యూజ్ మీదుగా ఐ-90 టోల్ రోడ్డు పట్టుకుంటారు. మనం పడమటికి తిరిగి రూట్ 17 మీద వెళ్లి, హార్స్‌హెడ్స్ దగ్గర రూట్ 14 ఎక్కి ఉత్తరంగా పోతే వాట్కిన్స్ గ్లెన్. మొత్తం నాలుగు గంటలు, ఒక కాఫీ ఆగుడుతో కలిపి నాలుగున్నర.

పొద్దున పూట పెన్సిల్వేనియా కొండల్లో పొగమంచు ఉంటుంది, జింకలు అడ్డం వస్తాయి. ఆ రెండు గంటలూ డ్రైవర్‌ని మాటల్లో దింపకండి, పాటలు చాలు. బింగ్‌హమ్‌టన్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంటుంది. మా కబుర్లు అక్కడ మొదలయ్యాయి. సత్యనారాయణపురం ట్యూషన్ మాస్టారు, బెంజి సర్కిల్లో పోయిన సైకిలు, ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకున్నారు, ఎవరు పోయారు. వాడి కూతురు వెనక సీట్లోంచి హెడ్‌ఫోన్స్ తీసి వినడం మొదలుపెట్టింది.

ఇక ఆ లోయ గురించి. సెనెకా సరస్సు దక్షిణపు కొసన చిన్న ఊరు, ఆ ఊరి మెయిన్ రోడ్డు పక్కనే స్టేట్ పార్కు గేటు. లోపలికి పది అడుగులు వేస్తే ప్రపంచం మారిపోతుంది. వాగు వేల ఏళ్లుగా రాతిని పొరలు పొరలుగా కోసుకుంటూ పోయింది, ఇరువైపులా గోడలు పుస్తకం అట్టల్లా దొంతర్లుగా నిలబడి ఉంటాయి. రెండు మైళ్లలోపు దారిలో 19 జలపాతాలు, ఎనిమిది వందలకి పైగా రాతి మెట్లు. ఒకచోట నీటి తెర వెనక నుంచి నడుస్తాం. తల మీద చినుకులు పడుతూనే ఉంటాయి. తిరుమల కాలినడక మెట్లెక్కినవాళ్లకి ఇది లెక్కలోది కాదు, కానీ తడి మెట్లు కాబట్టి నెమ్మదిగా.

పదింటిలోపు చేరితే పార్కింగ్ సులువుగా దొరుకుతుంది, జనం పల్చగా ఉంటారు. కింద నుంచి పైకి ఎక్కి అదే దారిలో దిగి రావచ్చు, లేదా పైన అంచు మీదుగా అడవి దారిలో తిరిగి రావచ్చు. రెండు గంటలు పెట్టుకోండి. పెద్దవాళ్లు ఉంటే మొదటి రెండు మలుపుల దాకా తీసుకెళ్లి వెనక్కి వచ్చినా చాలా కనిపిస్తుంది.

వాన గట్టిగా పడితే ఈ లోయ వద్దు, దారి మూసేయవచ్చు కూడా. అప్పుడు రూట్ 14 ఎక్కకుండా రూట్ 17 మీదే ఇంకాస్త పడమటికి పోతే వచ్చే కార్నింగ్ ఊళ్లో గాజు మ్యూజియంకి వెళ్లండి. కళ్ల ముందే గాజు ఊది గిన్నెలు చేసి చూపిస్తారు, 17 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. పాలొమార్ టెలిస్కోపు కోసం 1934లో పోతపోసి, పాడైపోయిన 200 అంగుళాల గాజు పలక అక్కడ ఉంది. విఫలమైన వస్తువుకి అంత గౌరవం ఇవ్వడం నాకు నచ్చింది.

లోయా మ్యూజియం రెండూ ఒకే రోజు చూద్దామని మాత్రం ఆశపడొద్దు. లెచ్‌వర్త్ స్టేట్ పార్కు పేరు కూడా ఎవరో ఒకరు చెబుతారు. మంచి చోటే, మధ్య జలపాతం 107 అడుగులు. అది తిరుగు దారికి వదిలేయండి, అదీ సమయం మిగిలితే.

పార్కు బల్లల మీద పులిహోర తినేసి రూట్ 14 మీద సరస్సు పక్కగా జెనీవా దాకా వెళ్లి, అక్కడ ఐ-90 ఎక్కితే రెండున్నర గంటల్లో నయాగరా. భోజనం తర్వాతి డ్రైవింగ్ కాబట్టి డ్రైవర్లు మారాల్సింది ఇక్కడ.

ఊళ్లోకి వచ్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. "బ్రిడ్జి టు కెనడా" అని బోర్డులు కనిపిస్తాయి. ఆ లేన్లో పడ్డారంటే రెయిన్‌బో బ్రిడ్జి ఎక్కేస్తారు, మధ్యలో వెనక్కి తిరగడం ఉండదు. అవతల వీసా లేదని చెప్పి, కాగితం రాయించుకుని, ఇవతల మళ్లీ ఇమిగ్రేషన్‌లో నిలబడాలి. ఏడోసారి వెళ్తున్న మావాడు కబుర్లలో పడి దాదాపు అటే తిప్పాడు. వాళ్లావిడ వెనక నుంచి "ఎడమకి, ఎడమకి" అని అరిచింది కాబట్టి బతికిపోయాం. ఫోన్లో దారి పెట్టేటప్పుడు ఉత్త "నయాగరా ఫాల్స్" అని కొట్టకండి, అదే పేరుతో కెనడాలోనూ ఊరుంది. హోటల్ పూర్తి అడ్రస్ పెట్టండి.

ఫోన్లది ఇంకో తంటా. నది ఒడ్డుకి వెళ్లగానే ఫోను అవతలి టవరు పట్టుకుని "కెనడాకి స్వాగతం" అని మెసేజ్ పంపుతుంది. మీ ప్యాకులో కెనడా లేకపోతే రోమింగ్ బిల్లు పడుతుంది. డేటా రోమింగ్ ఆపేసి, లేదా నెట్‌వర్క్‌ని చేత్తో ఎంచుకుని అప్పుడు ఒడ్డుకి నడవండి.

ఆరో మెట్టు: శనివారం సాయంత్రం

హోటల్లో సామాను పడేసి, టీ తాగి, ఐదింటికల్లా పార్కుకి నడవండి. లోపలికి టికెట్ లేదు, కారు పెడితేనే పార్కింగ్ రుసుము. ఇది 1885లో మొదలైంది, అమెరికాలో అన్నిటికన్నా పాత స్టేట్ పార్కు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకరైన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ దీని వెనక ఉన్నాడు. అందుకే జలపాతం అంచు దాకా చెట్లూ గడ్డే కనిపిస్తాయి, కొట్లు కనిపించవు.

ఇక్కడ ఉన్నవి మూడు జలపాతాలు. మొదటిది అమెరికన్ ఫాల్స్. దాని పక్కన సన్నగా బ్రైడల్ వెయిల్, పెళ్లికూతురి మేలిముసుగు అన్నమాట. ఆ రెంటికీ మధ్య లూనా ఐలాండ్. ఆపైన గోట్ ఐలాండ్ దాటాక గుర్రపు డెక్క ఆకారంలో హార్స్‌షూ, ఎక్కువ నీరు దూకేది దాంట్లోంచే. దానిలో పెద్ద భాగం కెనడాది.

సాయంత్రం నడవాల్సిన వరస ఇలా పెట్టుకోండి. ముందు ప్రాస్పెక్ట్ పాయింట్, తర్వాత చిన్న వంతెన దాటి గోట్ ఐలాండ్, అందులోంచి లూనా ఐలాండ్, చివరికి హార్స్‌షూ అంచున ఉన్న టెర్రపిన్ పాయింట్. ఓపికుంటే త్రీ సిస్టర్స్ ఐలాండ్స్ కూడా. చాలామంది అటు వెళ్లరు. నది జలపాతం కాకముందు ఎంత కోపంగా పరిగెడుతుందో అక్కడే తెలుస్తుంది. నడవలేనివాళ్లకి పార్కులో ట్రాలీ తిరుగుతుంది. గోట్ ఐలాండ్ మీద నికోలా టెస్లా విగ్రహం కనిపిస్తుంది. 1896లో ఇక్కడి నీటితో పుట్టిన కరెంటు బఫెలో నగరానికి చేరింది, టెస్లా కనిపెట్టిన పద్ధతి మీదే.

టెర్రపిన్ పాయింట్ రెయిలింగ్ దగ్గర నేను నోరు తెరుచుకుని నిలబడి ఉంటే మావాడు అన్నాడు: "ఎన్ని క్యూసెక్కులు అనుకుంటున్నావ్?" కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లం, నీళ్లని కళ్లతోనే కొలుస్తాం. నేను ఐదు లక్షలన్నాను. పర్యాటకుల వేళల్లో ఇక్కడ దూకేలా చూడాల్సింది లక్ష క్యూసెక్కులు. అమెరికా, కెనడా 1950లో చేసుకున్న ఒప్పందం అది. రాత్రిళ్లూ చలికాలంలోనూ అందులో సగం సరిపోతుంది, మిగతా నీరు కరెంటు తయారీకి మళ్లుతుంది. అంటే మన బ్యారేజీ గేట్లలాగే దీనికీ పైన చేయి ఉంది! 2024 సెప్టెంబర్ వరదకి ప్రకాశం బ్యారేజీ మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా పోయింది. "మన కృష్ణమ్మ ముందు ఇదెంతరా" అన్నాడు వాడు, గర్వంగా, ఇక్కడి నీళ్ల తుంపర్లతో తడిసిన ముఖంతో. తేడా ఎత్తులో ఉంది. అక్కడ పరుచుకుని పోతుంది, ఇక్కడ పదిహేను అంతస్తుల మీద నుంచి ఒక్కసారి పడుతుంది.

ఈ ఒప్పందం మీకు ఎందుకు పనికొస్తుందంటే, నిండు ప్రవాహం చూడాలంటే పగలే చూడాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య దాకా రాత్రి పదింటి వరకు, ఆ తర్వాత అక్టోబర్ చివరి దాకా ఎనిమిదింటి వరకు లక్ష క్యూసెక్కుల మాట వర్తిస్తుంది.

చీకటి పడ్డాక రంగు దీపాలు వేస్తారు, వేసవిలో చాలా రాత్రులు పదింటి ప్రాంతంలో బాణసంచా కూడా ఉంటుంది. నాకు రంగులు పెద్దగా ఎక్కలేదు, ఎగ్జిబిషన్ గ్రౌండ్లా అనిపించింది. పిల్లకి మాత్రం అదే నచ్చింది. భోజనానికి పార్కు దగ్గర్లోనే ఇండియన్ హోటళ్లు చాలా ఉన్నాయి, రుచి ఒక మాదిరి, రేటు ఘాటు. మేము పప్పు, అన్నం అడిగి, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ తీశాం.

ఏడో మెట్టు: ఆదివారం ఉదయం, తడిసే కార్యక్రమం

రెండే టికెట్లు కొనండి: మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవ, కేవ్ ఆఫ్ ది విండ్స్. సాహసాల ప్యాకేజీ పేరుతో అమ్మే మిగతావాటికి వారాంతంలో సమయం చాలదు. ఆ రోజు వేళలు, రేట్లు ముందురాత్రి వెబ్‌సైట్లో చూసుకోండి, నెలని బట్టి మారుతుంటాయి.

మొదట పడవ. పొద్దున తెరిచేసరికి క్యూలో ఉండండి. పది దాటితే టూరు బస్సులు దిగుతాయి. అబ్జర్వేషన్ టవర్ లిఫ్టులో కిందికి దించుతారు, నీలం తొడుగు ఇస్తారు. అవతల కెనడా పడవలో వాళ్లవి ఎర్రవి, నీలం వాళ్లూ ఎర్ర వాళ్లూ నది మధ్యలో చేతులు ఊపుకోవడం ఒక సరదా. ఈ పేరుతో పడవ 1846 నుంచి ఉంది. ఇప్పటివి 2020లో వచ్చిన కరెంటు పడవలు, కాబట్టి ఇంజను గోల, డీజిల్ వాసన లేవు. ప్రయాణం ఇరవై నిమిషాలు. హార్స్‌షూ కడుపులోకి వెళ్లి నిలబడినప్పుడు ఏమీ కనిపించదు, తెల్లగా ఉంటుంది, హోరు ఒక్కటే. ఆ ఒక్క నిమిషం ఫోను లోపల పెట్టేయండి. వీడియోలో ఎలాగూ తెల్ల గోడే వస్తుంది.

తర్వాత గోట్ ఐలాండ్ మీద కేవ్ ఆఫ్ ది విండ్స్. లిఫ్టు 175 అడుగులు కిందికి దిగుతుంది. పసుపు తొడుగు వాళ్లే ఇస్తారు. ఎర్ర చెక్క మెట్ల మీదుగా బ్రైడల్ వెయిల్ పాదం దాకా, హరికేన్ డెక్ దగ్గర నీటికి ఇరవై అడుగుల దూరంలోకి వెళ్తాం. ఆ చెక్క దారిని ప్రతి శరదృతువులో విప్పేసి, వసంతంలో మళ్లీ కడతారు, ఎందుకంటే చలికాలపు మంచు దాన్ని నుజ్జు చేస్తుంది. అంటే మీరు నడిచే దారి ఆ ఏడాది కొత్తగా కట్టింది. వానలో నిలబడ్డట్టు కాదు, ఎవరో ఫైర్ ఇంజను పైపు పట్టినట్టు ఉంటుంది. ఒక్కటే చూడగలిగే సమయం ఉంటే పడవ వదిలేసి దీనికి వెళ్లమంటాను నేను. మావాడు ఒప్పుకోడు.

ఇంద్రధనుస్సు ఫొటో కావాలంటే సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. పొద్దున టెర్రపిన్ పాయింట్ నుంచి కెనడా వైపు చూస్తే దొరుకుతుంది.

బట్టలు మార్చుకుని పన్నెండున్నరకల్లా కారులో ఉండండి. "ఇంకొక్క ఫొటో" అనేవాళ్లుంటారు. హోటల్ గది ఖాళీ చేసే వేళ పదకొండు కాబట్టి సామాను పొద్దునే డిక్కీలో పెట్టేసి ఉండాలి.

ఎనిమిదో మెట్టు: తిరుగు దారి

వెనక్కి ఏడు గంటలు, ఆగుడులతో ఎనిమిదిన్నర. న్యూజెర్సీలోకి వచ్చాక ఐ-80 మీద ఆదివారం సాయంత్రం ట్రాఫిక్ ఉంటుంది, దానికి అరగంట కలుపుకోండి. లెచ్‌వర్త్‌కి ఆగాలంటే నయాగరాలో పదకొండింటికే బయల్దేరాలి, పడవో గుహో ఒకటి వదులుకోవాలి. మేము వదులుకోలేదు, లెచ్‌వర్త్‌నే వదిలేశాం.

తిరుగు ప్రయాణంలో ప్రతి రెండు గంటలకీ ఆపండి, అవసరం లేకపోయినా. మధ్యాహ్నం ఎండ, తడిసి అలిసిన ఒళ్లు, కడుపులో పెరుగన్నం కలిస్తే నిద్ర ఎవరినైనా పడగొడుతుంది. డ్రైవర్‌కి కన్ను బరువెక్కితే రెస్ట్ ఏరియాలో ఇరవై నిమిషాలు పడుకోనివ్వండి. "ఇంకో గంటేగా" అని మీరు మాత్రం అనకండి. టోళ్లు స్నేహితుడి ఇ-జడ్‌పాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) నుంచి వాటంతటవే కట్ అవుతాయి, కాబట్టి ఆ లెక్క మనకి కనిపించదు. దానికి బదులు రాత్రి భోజనం దారిలో మీరు పెట్టించండి.

ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. పిల్లని ఎత్తుకుని వాళ్లావిడ పైకి వెళ్లింది. కారులో రాలిన మరమరాలు దులపడం, తడి బట్టలు డ్రయర్లో వేయడం, పులిహోర డబ్బాలు కడగడం అతిథి పని, అడగకుండా చేసేయండి. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మావాడికి ఆఫీసు మీటింగు. ఎనిమిదింటికి నేనే ఫిల్టర్ కాఫీ పెట్టి ఇచ్చాను. ఒక గుక్క తాగి, డికాషన్ పల్చగా ఉందన్నాడు.